కౌన్సిలర్ ‘ఫండ్స్ లేవు’ అంటే కాలనీవాళ్లు ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: రెండేళ్ల కిందట కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని వచ్చారు. వీధికి మోరీ లేదు, అందరి ఇళ్ల నీళ్లూ రోడ్డు మీదే నిలుస్తున్నాయి. కౌన్సిలర్‌ను నాలుగుసార్లు కలిశారు, నాలుగుసార్లూ ‘ఫండ్స్ లేవు, చూద్దాం’ అన్నారు. అసలు కౌన్సిలర్ చేయాల్సిన పని ఏమిటి, ఓటు వేయడం తప్ప మా చేతుల్లో ఇంకేమైనా ఉందా అని అడిగారు.

ఉంది, చాలానే ఉంది. ముందు సూటిగా జవాబు చెప్తాను. కౌన్సిలర్ చేతిలో డబ్బు ఉండదు. కౌన్సిల్ సమావేశంలో మాట్లాడే హక్కు, ఒక ఓటు ఉంటాయి. మీ మోరీ సంగతి ఆ సమావేశం అజెండాలోకి ఎక్కి తీర్మానమైతేనే దానికి డబ్బు వస్తుంది. మీరు నాలుగుసార్లు చెప్పింది నోటిమాట కాబట్టి ఆఫీసులో దాని ఆనవాలు ఎక్కడా లేదు. ఐదోసారి వెళ్లేటప్పుడు కాగితం పట్టుకుని వెళ్లండి, ఒక్కరు కాకుండా వీధంతా సంతకం పెట్టిన కాగితం. అది ఎలా ఉండాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఇచ్చాక దాని వెంట ఎలా పడాలి అన్నదే మిగతా జవాబంతా.

నా సంగతి రెండు మాటల్లో. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక చిన్న మున్సిపాలిటీలో 2014లో మహిళలకు రిజర్వైన వార్డు నుంచి గెలిచాను. 2019 జులైలో మా పదవీకాలం ముగిసేదాకా కౌన్సిలర్‌గా ఉన్నాను. మళ్లీ పోటీ చేయలేదు. 2020లో మా వార్డు మహిళా కమిటీలో సభ్యురాలినయ్యాను. అంటే దరఖాస్తులు తీసుకున్నదాన్నీ నేనే, తర్వాత దరఖాస్తు పట్టుకుని వెళ్లినదాన్నీ నేనే.

ఒక పని మంజూరయ్యే దారి

వీధిలో మోరీ కట్టాలంటే ముందు ఏఈ (మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి కొలతలు తీసుకుని ఎస్టిమేట్, అంటే ఖర్చు అంచనా వేయాలి. దానికి పైఅధికారి సాంకేతిక మంజూరు ఇవ్వాలి. కౌన్సిల్‌లో పెట్టి తీర్మానం చేయాలి. తర్వాత టెండరు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, పని, ఎం.బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నమోదు, చివరికి బిల్లు. ఇన్ని మెట్లలో కౌన్సిలర్ సొంతంగా సంతకం పెట్టి డబ్బు విడుదల చేసే మెట్టు ఒక్కటీ లేదు. కానీ ఎస్టిమేట్ వేయండి అని ఏఈ వెంట పడటం, అజెండాలో పెట్టమని చైర్‌పర్సన్‌నూ కమిషనర్‌నూ అడగడం, సమావేశంలో లేచి మాట్లాడటం, పని జరిగేటప్పుడు నిలబడి చూడటం కౌన్సిలర్ చేయగలరు. చేయాలి కూడా. మీరు అడగాల్సింది ఈ నాలుగే.

‘ఫండ్స్ లేవు’ అన్నది ఒక్కోసారి నిజం. చిన్న మున్సిపాలిటీలో ఇంటి పన్ను, నల్లా బిల్లు వసూళ్లు సిబ్బంది జీతాలకు, కరెంటు బిల్లులకు, చెత్త బండ్ల డీజిల్‌కే చాలావరకు పోతాయి. అయినా ఆ మాట దగ్గర ఆగిపోకండి. ‘ఏ పద్దులో లేవు?’ అని మర్యాదగా అడగండి. మున్సిపాలిటీ సొంత వసూళ్ల జనరల్ ఫండ్ వేరు, కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటు వేరు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు ఉండేది. జనరల్ ఫండ్ ఖాళీగా ఉన్న ఏడాదిలోనే గ్రాంటు డబ్బుతో పనులు చేయించుకున్న వార్డులు నా కళ్లముందే ఉన్నాయి. పద్దు పేరు అడిగిన మనిషికి ‘చూద్దాం’ అని చెప్పి పంపడం కష్టం. కౌన్సిలర్‌గా నాకది స్వయంగా తెలుసు. నన్ను మొదటిసారి ఆ ప్రశ్న అడిగినప్పుడు జవాబు లేక మర్నాడు అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి కూర్చుని నేర్చుకున్నాను.

నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలి?

మోరీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. దరఖాస్తుల్లో ఎవరూ దీని గురించి రాయరు. మోరీ కడితే నీళ్లు కదులుతాయి, కానీ ఎక్కడికో ఒకచోటికి చేరాలి కదా. కొత్త కాలనీల్లో చాలాచోట్ల పని ఆగేది డబ్బు దగ్గర కాదు, ఔట్‌లెట్ దగ్గర.

నా మొదటి ఏడాదిలోనే ఇది ఎదురైంది. మా వార్డులో ఎత్తు మీద ఒక కాలనీ, కింద పక్క వార్డులో ఒక పాత బస్తీ. పై కాలనీవాళ్లు మోరీ కావాలని రోజూ ఫోన్లు. నేను పట్టుబట్టి ఎస్టిమేట్ వేయించాను, తీర్మానం కూడా అయింది. తీరా జేసీబీ వచ్చిన రోజున బస్తీవాళ్లు అడ్డం కూర్చున్నారు. ‘మీ మురికి మా ఇళ్ల ముందుకు తోస్తారా?’ అన్నారు. వాళ్లు అన్నదాంట్లో తప్పేముంది? వాళ్ల మోరీ అప్పటికే నిండి పారుతోంది. పై నీళ్లు కూడా కలిస్తే వానాకాలంలో ఇళ్లలోకి వస్తాయి. పని ఆగిపోయింది. ఆ ఏడాది ఆ డబ్బు వేరే పనికి పోయింది.

అప్పుడు దారి చూపించింది పై కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ టీచర్ గారు. ఆయన నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని వీధులన్నీ తిరిగి, ఏ వీధి ఎన్ని అడుగులు, నీళ్లు ఏ మూల నుంచి ఏ మూలకు వాలుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి అన్నీ ఒక తెల్ల కాగితం మీద గీశారు. కింద బస్తీ దాకా కూడా నడిచి, వాళ్ల మోరీ ఎక్కడ ఇరుకైపోయిందో గుర్తు పెట్టారు. ఆ కాగితం పట్టుకుని ముందు నా దగ్గరికి రాలేదు, బస్తీ పెద్దల దగ్గరికి వెళ్లారు. ‘ముందు మీ మోరీ వెడల్పు చేయమని అడుగుదాం, తర్వాతే మాది’ అన్నారు. రెండు వైపులవాళ్లూ కలిసి ఒకే దరఖాస్తు మీద సంతకాలు చేశారు. 61 ఇళ్ల సంతకాలు. పక్క వార్డు కౌన్సిలర్‌ది వేరే పార్టీ. అయినా ఆయన వార్డుకు మేలు జరిగే పని కాబట్టి సమావేశంలో నాతోపాటు ఆయన కూడా లేచి మాట్లాడారు. రెండు పార్టీల సభ్యులు ఒకే పని అడిగితే కాదనేవాళ్లు ఉండరు. మరుసటి ఏడాది మొదట కింద, తర్వాత పైన, రెండు ముక్కలుగా పని పూర్తయింది.

కాబట్టి మీరు మళ్లీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లేలోపు ఒక ఆదివారం మీ వీధి నుంచి నీళ్లు వాలే వైపు నడుచుకుంటూ వెళ్లండి. దగ్గరలో పెద్ద మోరీ గానీ నాలా గానీ ఎంత దూరంలో ఉంది, మధ్యలో ఎవరి స్థలం ఉంది, దారిలో ఎవరికి ఇబ్బంది కలుగుతుంది చూసి రాసుకోండి.

దరఖాస్తు ఎలా ఉండాలి

‘మా కాలనీ సమస్యలు తీర్చగలరు’ అని పది సమస్యలు రాసిన కాగితం ఫైల్లోకి పోయి అక్కడే ఉంటుంది. ఒక కాగితంలో ఒక్క పనే రాయండి. వీధి పేరు, మొదలు నుంచి చివరికి ఎన్ని మీటర్లు, ఎన్ని ఇళ్లు, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఔట్‌లెట్ ఎక్కడ. సంతకం పక్కన ఇంటి నంబరు, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు రాయండి. పన్ను కడుతున్న ఇన్ని ఇళ్లు అడుగుతున్నాయి అని సమావేశంలో చదివి వినిపించడానికి కౌన్సిలర్‌కు అది బలం. వానపడ్డ రోజు తీసిన రెండు ఫొటోలు జత చేయండి.

దాన్ని మూడు కాపీలు తీయండి. ఒకటి కౌన్సిలర్‌కు, ఒకటి మున్సిపల్ ఆఫీసు ఇన్‌వార్డులో (వచ్చిన కాగితాలు తీసుకునే చోట) కమిషనర్ పేరు మీద. మూడోది ఆ ఇన్‌వార్డులోనే ముద్ర, తేదీ, నంబరు వేయించుకుని మీ దగ్గర దాచుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కూడా ఇవ్వొచ్చు. కానీ నా సలహా, మొదటి మెట్టుగా అక్కడికి వెళ్లకండి. అక్కడ ఇచ్చిన కాగితం చివరికి తిరిగి ఇదే మున్సిపల్ ఆఫీసుకు వస్తుంది, మధ్యలో కౌన్సిలర్‌కు ‘నన్ను దాటేసి పోయారు’ అనే బాధ మిగులుతుంది. నెలలు గడిచినా కదలిక లేకపోతే అప్పుడు వెళ్లండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల్లో సౌకర్యాలు, పారిశుద్ధ్యం, ప్లానింగ్ ఇలా ఒక్కో పనికి ఒక్కో వార్డు కార్యదర్శి ఉంటారు. మోరీ, రోడ్డు, వీధి దీపాల సంగతి వార్డు అమెనిటీస్ కార్యదర్శి దగ్గర మొదలుపెట్టి, రసీదు తీసుకుని, ఆ రసీదు నంబరుతో కౌన్సిలర్‌ను కలవండి.

సమయం కూడా చూసుకోవాలి. బడ్జెట్ సమావేశాలు ఏప్రిల్‌కు ముందే, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో అవుతాయి. వచ్చే ఏడాది పనుల జాబితాలు అంతకు ముందే తయారవుతుంటాయి. మీ కాగితం నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే ఆ జాబితాలో చోటు దొరకొచ్చు. వాన పడ్డాక జులైలో అందరూ ఒకేసారి వస్తారు. అప్పటికి ఆ ఏడాది డబ్బుకు పేర్లు రాసేసి ఉంటాయి.

కౌన్సిలర్ చేయలేనివి

నా దగ్గరికి వచ్చినవాళ్లలో సగంమంది నా పరిధిలో లేని పనుల మీద వచ్చేవాళ్లు. భూమి తగాదాలు తహసీల్దారు దగ్గర. కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు విద్యుత్ సంస్థవి. వీధి దీపం మాత్రం మున్సిపాలిటీది. ఊరి మధ్యలో పోయే పెద్ద రోడ్డు చాలాసార్లు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖదో జాతీయ రహదారిదో అయి ఉంటుంది. అక్కడ గుంట పూడ్చాలన్నా మున్సిపాలిటీ చేయి వేయలేదు. హైదరాబాద్‌లో తాగునీరు, పెద్ద మురుగు లైన్లు జలమండలివి. ఇలాంటి వాటికి కౌన్సిలర్ ఒక ఫోన్ చేసి సాయం చేయగలరు, అంతవరకే.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఇంటి అనుమతికి కౌన్సిలర్ సంతకం అక్కర్లేదు. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం వచ్చాక 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి ఒక్క రూపాయితో రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు. 600 చదరపు గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. ‘కౌన్సిలర్‌ను ఒకసారి కలవండి’ అని ఎవరైనా మధ్యలో చెబితే కలవాల్సిన పని లేదు. నేను ఉన్నప్పుడూ నా పేరు చెప్పి ఒక మనిషి ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గర డబ్బు అడిగాడు. ఒక తల్లి నేరుగా వచ్చి నన్ను అడిగింది కాబట్టి తెలిసింది. ఆమె రాకపోయి ఉంటే నా పేరు మీద ఆ దందా ఇంకెన్నాళ్లు నడిచేదో. అనుమానం ఉంటే నేరుగా అడగండి, భయపడకండి.

మీ కౌన్సిలర్ మహిళ అయితే

రెండు రాష్ట్రాల్లోనూ పట్టణాల్లో సగం సీట్లు మహిళలవి. నేను గెలిచిన మొదటి ఆరు నెలలు జనం మా ఇంటికి వచ్చి మా ఆయనతో మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు. నేను టీ ఇచ్చి పక్కన నిలబడేదాన్ని. ఆఫీసులో కూడా ‘సారును పంపండమ్మా’ అనేవాళ్లు. దాన్ని మార్చింది మా వార్డు పొదుపు సంఘాల అక్కలు. ఒకరోజు పదిమంది వచ్చి, మా ఆయన ఎదురొచ్చి కూర్చోమంటే ‘మేం కౌన్సిలరమ్మ కోసం వచ్చినం అన్నా’ అని నిలబడ్డారు. ఆ రోజు నుంచి నేను నోటుబుక్ పెట్టుకుని ఫిర్యాదులు నేనే రాసుకోవడం మొదలుపెట్టాను. కాబట్టి దయచేసి ఆమె ఫోన్ నంబరే తీసుకోండి, ఆమెతోనే మాట్లాడండి, దరఖాస్తు ఆమె చేతికే ఇవ్వండి. సమావేశంలో కూర్చునేది, ఓటు వేసేది ఆమె. ఆమెకు విషయం తెలియకపోతే మీ వీధి తరఫున మాట్లాడేవాళ్లే లేరు.

వార్డు కమిటీలు

తెలంగాణ 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. ఒక్కోదాంట్లో 15 మంది, అంటే వార్డుకు 60 మంది. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైనప్పుడు వీటిని ఊరూరా వేశారు. చాలాచోట్ల పేర్లు రాసుకోవడంతోనే సరి. మా మహిళా కమిటీ కూడా మొదట అంతే, రెండు ఫొటోలు దిగాం. తర్వాత మేమే ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాం. నెలకోసారి ఎవరో ఒకరి ఇంటి అరుగు మీద కలిసి, ఆ నెలలో చెత్త బండి ఎన్ని రోజులు రాలేదు, ఏ లైటు వెలగడం లేదు, నల్లా ఎన్నింటికి వస్తోంది రాసుకుని, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కూ వార్డు ఆఫీసర్‌కూ ఒక కాపీ ఇచ్చేవాళ్లం. చెత్త బండి విషయం రెండు నెలల్లో సర్దుకుంది. తేదీలతో రాసి ఇచ్చేసరికి డ్రైవరును ఆఫీసులో అడగడం మొదలుపెట్టారు, అంతే.

మీ వార్డులో కమిటీ ఉందో లేదో, సభ్యులెవరో మున్సిపల్ ఆఫీసులో అడగండి. ఖాళీలుంటే మీ వీధి నుంచి ఒకరి పేరు ఇవ్వండి. అదే చట్టంలో మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి తీయాలని ఉంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత కౌన్సిలర్ మీద కూడా పెట్టారు. మీ వీధిలో చెట్లు కావాలనుకుంటే, నీళ్లు మేం పోస్తాం అని ముందుకొస్తే ఏ కౌన్సిలరైనా సంతోషంగా ఒప్పుకుంటారు.

పని మొదలయ్యాక ఇంట్లో కూర్చోకండి

పని మంజూరైందని మిఠాయిలు పంచి అక్కడితో మర్చిపోతారు చాలామంది. మా వార్డులోనే ఒక సీసీ రోడ్డు పని చూడండి. ఎస్టిమేట్‌లో ఉన్న మందం ఒకటి, కాంట్రాక్టరు పోస్తున్నది ఒకటి. మా వీధి అక్కలు స్కేలు పెట్టి కొలిచి నన్ను పిలిచారు. నేను ఏఈని పిలిచాను. ఆ ముక్క మళ్లీ పోయించాం. ఎస్టిమేట్ కాపీ ముందే వాళ్ల చేతిలో లేకపోతే ఆ తేడా ఎవరికీ తెలిసేది కాదు.

ఆ కాపీ ఎవరైనా తీసుకోవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద తెల్ల కాగితం మీద 10 రూపాయల ఫీజుతో అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం.బుక్ పేజీలు అని పేర్లతో అడగండి. ‘మా వీధి పనుల వివరాలు’ అంటే ఒక్క లైను జవాబు వస్తుంది. ఇంకా మంచి సంగతి, చట్టంలోని సెక్షన్ 2(జె) ప్రకారం మీరు పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామాను నమూనా కూడా తీసుకోవచ్చు. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. అయితే ప్రతి చిన్నదానికీ ఇది వాడొద్దని నా మనవి. కౌన్సిలర్‌నో ఏఈనో అడిగితే చూపించే కాగితానికి ఆర్టీఐ వేస్తే మనుషులు బిగుసుకుపోతారు. అడిగి చూడండి, ఇవ్వకపోతే వేయండి.

పాలకవర్గం లేని రోజుల్లో ఏం చేయాలని కొందరు అడుగుతుంటారు. 2019 జులై నుంచి 2020 జనవరి ఎన్నికల దాకా మా ఊళ్లో ప్రత్యేకాధికారే కౌన్సిల్ స్థానంలో ఉన్నారు. అప్పుడు కూడా దారి ఇదే. దరఖాస్తు కమిషనర్‌కు ఇచ్చి కాపీ ప్రత్యేకాధికారికి ఇవ్వాలి. కాకపోతే మీ వీధి తెలిసిన మనిషి ఆ గదిలో ఉండరు కాబట్టి కాగితం మరింత వివరంగా ఉండాలి.

చివరగా మీ విషయానికే వస్తాను. మీ కౌన్సిలర్ చెడ్డవాళ్లని అనుకోను. ప్రతిపక్షంలో ఉంటే వాళ్ల మాట సమావేశంలో తక్కువే నెగ్గుతుంది, టెన్షన్ మీద ‘చూద్దాం’ అని ఉంటారు. వాళ్లను దాటి పోకుండా, వాళ్ల చేతికి బలమైన కాగితం ఇవ్వండి. ఈ ఆదివారం నడిచి చూసి, మీ వీధి పొడవు ఎంత, ఎన్ని ఇళ్లున్నాయి, నీళ్లు చివరికి ఎక్కడ కలవాలి, మధ్యలో ఎవరి స్థలం అడ్డం వస్తోంది ఈ నాలుగూ ఇక్కడ రాయండి. దరఖాస్తు ఎలా రాయాలో నేను రాసి పెడతాను, సంతకాలు మీరు చేయించుకుందురు.